గురి నేర్పిన యానీ ఓక్లీ

పొదుపు లెక్కలు, అప్పుల పట్టికలు, ఆడిట్ పేజీలు అయ్యాక ఎప్పటిలాగే ఈ పుస్తకంలో ఒక ఆడమనిషి జీవితం రాస్తున్నాం. ఇదివరకు మన దేశపు వాళ్ళ గురించే రాశాం. ఈసారి అమెరికా దాకా పోయాం. దానికి కారణం ఉంది. ఈ ఏడాది సంఘం మీటింగుల్లో వాయిదాల సంగతి అయ్యాక మళ్ళీ మళ్ళీ వచ్చిన మాట ఒకటే. పొద్దుగూకాక ఆటో దిగి ఇంటిదాకా నడవడం ఎట్లా, దారిలో ఎవడైనా మీదికొస్తే మనం ఏం చెయ్యగలం అని. ఒక చెల్లెలైతే సగం నవ్వుతా, సగం నిజంగానే, తలా ఒక రివాల్వర్ ఇప్పిస్తే పీడా పోద్ది కదా అంది. అందరం నవ్వాం. ఇంటికి పోయాక ఆలోచిస్తే, ఆ మాటని నవ్వులాటగా తీసుకోకుండా వేలమంది ఆడవాళ్ళకి తుపాకీ పట్టడం నేర్పిన ఒకావిడ గుర్తొచ్చింది. ఆమే యానీ ఓక్లీ. చనిపోయి దాదాపు వందేళ్ళు.

యానీ 1860 ఆగస్టు 13న అమెరికాలో ఒహాయో రాష్ట్రం, డార్క్ అనే జిల్లాలో ఒక చెక్క గుడిసెలో పుట్టింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫీబీ యాన్. ఓక్లీ అన్నది తర్వాత ఆటల్లోకి దిగినప్పుడు తనకి తాను పెట్టుకున్న పేరు. ఇంటినిండా పిల్లలు. కొద్దిపాటి పొలం, అదీ అప్పు మీద. తండ్రి జేకబ్ పెద్ద వయసువాడు. ఒక చలికాలం మంచు తుఫానులో చిక్కుకుని ఇంటికొచ్చాడు, ఆ జబ్బుతోనే 1866లో పోయాడు. అప్పటికి యానీకి ఆరేళ్ళు కూడా నిండలేదు.

ఆ తర్వాత ఇల్లు ఎట్లా గడిచిందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తల్లి సూజన్ పనికి పోయేది. చిన్నపిల్ల యానీ అడవి అంచున ఉచ్చులు పెట్టి పిట్టల్ని పట్టుకొచ్చి పొయ్యి మీదికి ఇచ్చేది. గోడకి తండ్రి తుపాకీ వేలాడుతుండేది. ఎనిమిదో ఏట ఒకరోజు దాన్ని దించి, వసారా పిట్టగోడ మీద ఆనించి, పెరట్లో పరిగెడుతున్న ఉడుతని కొట్టానని పెద్దయ్యాక తనే చెప్పుకుంది. తల్లి క్వేకర్ల ఇంటిది. క్వేకర్లంటే క్రైస్తవుల్లో యుద్ధాన్నీ ఆయుధాన్నీ ఒప్పుకోని ఒక శాఖ. పిల్ల తుపాకీ ముట్టిందని తల్లి హడలిపోయి చాలాకాలం దాని దగ్గరికి పోనియ్యలేదు.

ఆ తుపాకీ ఎట్లాంటిదో కాస్త చెప్పుకోవాలి. అది మన అడవి ఊళ్ళల్లో పాతకాలంలో ఉండే నాటు తుపాకీ లాంటిదే. గొట్టం మూతిలోంచి కొలిచి మందు పొయ్యాలి, గుండు వెయ్యాలి, కడ్డీతో దంచాలి. అంతా చేస్తే ఒక్క దెబ్బ. అది తప్పితే మళ్ళీ మొదటినుంచీ మందు, గుండు, కడ్డీ. ఈలోగా కుందేలు ఊరు దాటిపోతుంది. మందు ఎక్కువైతే తుపాకీ భుజాన్ని తన్నుతుంది, తక్కువైతే గుండు నడిమిట్లో రాలిపోతుంది. దానితో నేర్చుకున్న పిల్లకి రెండు అలవాట్లు పట్టుబడ్డాయి. ఒకటి, దెబ్బ వృథా చెయ్యకపోవడం. రెండు, నింపే పని శ్రద్ధగా, కంగారు పడకుండా చెయ్యడం. పేల్చడం ఎవరైనా చేస్తారు, నింపడంలో తెలుస్తుంది ఎవరికి చేతనవునో.

1870లో, తొమ్మిదేళ్ళ వయసులో, సాకలేక యానీని అక్కతోపాటు జిల్లా బీదల ఆశ్రమంలో చేర్పించారు. ముసలివాళ్ళు, రోగులు, మతి లేనివాళ్ళు, అనాథ పిల్లలు అందరూ ఒకే కప్పు కింద ఉండే చోటు అది. ఒక మేలు మాత్రం జరిగింది. ఆశ్రమం చూసుకునే ఆయన భార్య ఆ పిల్లకి కుట్టుపని నేర్పింది. ఆ కుట్టు ఆమెతో జీవితాంతం ఉంది. ముందు ముందు రాజులూ రాణులూ చూసిన గౌన్లన్నీ తన చేత్తో కుట్టుకున్నవే.

ఆ తర్వాత జరిగింది రాయాలంటే మాకే చెయ్యి ఆడలేదు. ఒక రైతు కుటుంబం వచ్చి, పసిబిడ్డని చూసుకునే పిల్ల కావాలని, వారానికి 50 సెంట్లు, అంటే అర డాలరు, ఇస్తామని, బడికి కూడా పంపుతామని చెప్పి తీసుకుపోయింది. బడీ లేదు, జీతమూ లేదు. మన పక్క ఒకప్పుడు పిల్లల్ని జీతానికి పెట్టేవాళ్ళే, అట్లాంటిదే. తెల్లారకముందే లేవాలి, పాలు పితకాలి, వండాలి, అంట్లు తోమాలి, బిడ్డని జోకొట్టాలి, బట్టలు కుట్టాలి. ఒక రాత్రి కుట్టుపని చేస్తా నిద్రపోయిందని ఆ ఇంటావిడ చెప్పులు కూడా లేకుండా మంచులోకి గెంటి తలుపేసింది. రెండేళ్ళు అట్లా గడిచాయి. ఒకరోజు సందు చూసుకుని పారిపోయింది. ఆ కుటుంబం పేరు యానీ జీవితంలో ఎన్నడూ బయటపెట్టలేదు. తోడేళ్ళు అని మాత్రం రాసుకుంది. ఎందుకు దాచిందో మాకు తెలీదు గానీ, పదేళ్ళ పిల్ల మీద చెయ్యి చేసుకున్నవాళ్ళకి అంతకన్నా తగిన పేరు దొరకదు.

పదిహేనేళ్ళకల్లా తల్లి దగ్గర చేరి మళ్ళీ తుపాకీ పట్టింది. ఈసారి కూర కోసం కాదు, అమ్మకానికి. గ్రీన్‌విల్ ఊళ్ళో ఒక కొట్టువాళ్ళతో మాట్లాడుకుంది. వాళ్ళు ఆమె కొట్టిన కౌజు పిట్టల్ని, అడవికోళ్ళని, కుందేళ్ళని కొని సిన్సినాటి పట్నం హోటళ్ళకి పంపేవాళ్ళు. హోటళ్ళవాళ్ళు యానీ సరుకుని అడిగి మరీ తీసుకునేవాళ్ళట. పంటికింద సీసపు గుళ్ళు తగిలితే తినేవాడు ప్లేటు తోసేస్తాడు కదా. యానీ తలకే గురిపెట్టి కొట్టేది, మాంసం శుభ్రంగా ఉండేది. సరుకు నాణ్యం అంటే ఇది. మన దగ్గర పచ్చళ్ళు, అప్పడాలు అమ్మే చెల్లెళ్ళకి ఈ సంగతి వేరే చెప్పాలా.

ఆ డబ్బులతో పదిహేనేళ్ళ పిల్ల తల్లి పొలం మీద ఉన్న తాకట్టు అప్పు 200 డాలర్లూ తీర్చేసింది. ఆ కాలానికి అది చిన్న మొత్తం కాదు. ఆ ఇంటిమీద కూర్చున్న బరువు అది. మేము ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాం. తుపాకీ అనగానే మనకి రక్తం గుర్తొస్తుంది. యానీ చేతిలో అది మొదట చేసిన పని పొలం కాగితాలు విడిపించడం.

ఆ తర్వాత కథ కొంచెం సినిమాలాగే ఉంటుంది. ఫ్రాంక్ బట్లర్ అని ఐర్లాండ్ నుంచి వచ్చిన ఒక గురికాడు ఊరూరా తిరిగి ఆట చూపిస్తూ, నాతో పోటీకి ఎవరొస్తారో రండని పందెం కాసేవాడు. ఒక హోటల్ యజమాని యానీని తెచ్చి ఎదురుగా నిలబెట్టాడు. అయిదడుగుల ఎత్తు, సన్నటి పిల్ల. ఫ్రాంక్ నవ్వుకున్నాడు. పాతిక గురుల పోటీలో చివరిది ఫ్రాంక్ తప్పాడు, యానీ తప్పలేదు. ఓడిపోయినవాడు కక్ష పెట్టుకోకుండా ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు. 1882లో ఒకరోజు ఫ్రాంక్‌తో ఆడే జోడీదారుకి జబ్బు చేస్తే యానీ స్టేజీ ఎక్కింది. కొద్దిరోజుల్లోనే జనం ఎవరి కోసం వస్తున్నారో ఫ్రాంక్‌కి అర్థమైంది. తను పక్కకి తప్పుకుని, ఆమె తుపాకులు చూసుకోవడం, తూటాలు సిద్ధం చెయ్యడం, రైలు టికెట్లు, లెక్కలు, కాగితాలు తన పనిగా పెట్టుకున్నాడు. దాదాపు యాభై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి ఎక్కడా మొగుడి పెత్తనం చూపించినట్టు కనపడదు. ఆ కాలంలో, ఆ దేశంలో కూడా, అది మామూలు సంగతి కాదు.

1884లో ఆమె ఆట చూసిన లకోటా తెగ పెద్దాయన సిట్టింగ్ బుల్ ఆమెని కూతురిగా స్వీకరించి, గురి తప్పని చిన్నది అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1885లో యానీ బఫెలో బిల్ అనే ఆయన నడిపే పెద్ద ఆటల బృందంలో చేరింది. గుర్రాలు, కౌబాయ్‌లు, ఎద్దుబండ్లు, రివాల్వర్లు అన్నీ ఉండే సర్కసు లాంటిది అది. కృష్ణ గారి మోసగాళ్ళకు మోసగాడు చూసినవాళ్ళు ఆ టోపీలూ గుర్రాలూ కళ్ళముందు పెట్టుకోండి, సరిపోతుంది. మధ్యలో కొంత విరామం తప్ప పదహారేళ్ళకి పైగా అందులోనే ఉంది. 1887లో లండన్‌లో విక్టోరియా రాణి ముందు, 1889లో ప్యారిస్‌లో ఆడింది. పేకముక్కని అంచు మనవైపు వచ్చేలా నిలబెడితే ఆ అంచుని చీల్చేది. గాల్లోకి ఎగరేసిన నాణేన్ని కొట్టేది. అద్దంలో చూస్తూ భుజం మీదుగా వెనక్కి పేల్చేది. 1894లో ఎడిసన్ వాళ్ళు కొత్తగా కనిపెట్టిన కదిలే బొమ్మల కెమెరాకి కూడా ఆడి చూపించింది.

ఇంత ఆడినా ఒక్క పంతం వదల్లేదు. ప్యాంటు వేసుకోలేదు, గుర్రం మీద ఆడవాళ్ళ కూర్చునే తీరులోనే కూర్చునేది, తీరికలో డేరా ముందు కుర్చీ వేసుకుని అల్లికలు అల్లుకునేది. ఒక చిన్న అబద్ధం మాత్రం ఆడింది. తనకన్నా బాగా చిన్నదైన ఇంకో గురికత్తె బృందంలోకి వచ్చేసరికి తన వయసు ఆరేళ్ళు తగ్గించి చెప్పుకుంది. మేము దాన్ని తప్పు పట్టదల్చుకోలేదు.

1901లో బృందం రైలు ప్రమాదానికి గురై యానీ వెన్నుకి దెబ్బ తగిలింది. బృందం వదిలేసింది. ఆ నడుమే ఇంకో దెబ్బ పడింది. 1903 ఆగస్టులో, షికాగోలో యానీ ఓక్లీ మత్తుమందుకి బానిసై, దానికి డబ్బుల కోసం దొంగతనం చేసి జైలుకి పోయిందని హెర్స్ట్ అనే పత్రికల యజమాని పేపర్లలో వార్త వచ్చింది. దేశమంతా పేపర్లు అదే ఎత్తి రాశాయి. నిజానికి పట్టుబడింది వేరే ఆటకత్తె, యానీ పేరు వాడుకుని తిరిగే మనిషి. కొన్ని పేపర్లు తప్పయిందని దిద్దుకున్నాయి. యానీకి అది సరిపోలేదు. పేరు పోయాక నాలుగో పేజీలో మూల రెండు వరుసలు వేస్తే పోయిన పేరు వస్తదా?

55 పేపర్ల మీద దావాలు వేసింది. ఒక్కో కేసుకి తనే ఊరూరా పోయి కోర్టు బోనులో నిలబడి, లాయర్లు అడిగే అడ్డమైన ప్రశ్నలన్నిటికీ నిదానంగా జవాబు చెప్పింది. హెర్స్ట్ వాళ్ళు ఆమె సొంత జిల్లాకి ఒక మనిషిని పంపి, చిన్నప్పటి బతుకులో ఏదైనా మరక దొరుకుతుందేమోనని తవ్వించారు. ఏమీ దొరకలేదు. ఆరేడేళ్ళు నడిచాయి ఆ కేసులు. 54 కేసుల్లో గెలవడమో, అవతలివాళ్ళు డబ్బు కట్టి రాజీకి రావడమో జరిగింది. అంతా కూడితే వచ్చిన సొమ్ము కన్నా ఖర్చే ఎక్కువైంది. ఆటలు మానుకున్న ఆదాయం వేరు. లెక్క ప్రకారం నష్టమే. కానీ మా అందరికీ ఒకటే అనిపించింది, ఆమె అన్ని ఆటల్లోనూ పెద్ద గురి ఇదే. ఇందులో తూటా లేదు. మన ఊళ్ళల్లో ఒక ఆడపిల్ల మీద ఒక మాట పుడితే అది ఎన్ని ఇళ్ళు తిరుగుతుందో, నిజం తేలినా ఆ మాట అన్నవాళ్ళు ఎట్లా తప్పుకుంటారో మనకి తెలుసు.

ఇక మనం మొదలుపెట్టిన రివాల్వర్ సంగతికి వద్దాం.

యానీకి ఒకే నమ్మకం. ఆడది బిడ్డని ఎత్తుకున్నంత సహజంగా తుపాకీని పట్టుకోగలగాలని. ఆట కోసం, ఒంటికి మంచిదని, మనసుకి ధైర్యమని, అన్నిటికీ మించి తనని తాను కాపాడుకోడానికి. తనకి పదేళ్ళప్పుడు ఎవరూ అడ్డం రాలేదు. అది ఆమె మర్చిపోలేదనే మేము అనుకుంటున్నాం. 1915 నుంచి కొన్నేళ్ళు చలికాలాలు ఆమె, ఫ్రాంక్ కలిసి నార్త్ కరోలినాలో పైన్‌హర్స్ట్ అనే చోట ఉండేవాళ్ళు. అక్కడి హోటల్‌కి వచ్చే ఆడవాళ్ళకి గురి నేర్పేది. పాఠానికి డబ్బు పుచ్చుకునేది కాదు. జీవితం మొత్తం మీద ఆమె దగ్గర నేర్చుకున్న ఆడవాళ్ళు 15 వేలకి పైనే ఉంటారని చెబుతారు.

వచ్చినవాళ్ళల్లో చాలామంది మొదటిసారి ముట్టుకునేవాళ్ళే. చప్పుడంటే భయం. ట్రిగ్గర్ నొక్కేముందే కళ్ళు మూసుకునేవాళ్ళు. ఆమె మాత్రం రెండు కళ్ళూ తెరిచి కొట్టేది, గొట్టం వంక కాదు కొట్టాల్సినదాని వంకే చూసేది. బరువు తక్కువ తుపాకీతో, దగ్గరి గురితో మొదలుపెట్టించడం, అది కుదిరాకే దూరం పెంచడం. కొత్తగా సంఘంలో చేరిన చెల్లెలికి మొదట చిన్న అప్పే ఇచ్చి, వాయిదా కట్టడం అలవాటయ్యాక పెద్దది ఇస్తాం చూడండి, అట్లా.

దారిలో కాపాడుకోడానికి మాత్రం పెద్ద తుపాకీ పనికిరాదు, రివాల్వరే. సినిమాల్లో హీరో ఇరవైసార్లు పేల్చినా తూటాలు అయిపోవు కాబట్టి చాలామందికి దాని మర్మం తెలీదు. రివాల్వర్ నడుమ తిరిగే దిమ్మ ఒకటుంటుంది. దాంట్లో మామూలుగా ఆరు అరలు. ఒక్కో అరలో ఒక్కో తూటా. ట్రిగ్గర్ దగ్గర పని జరిగినప్పుడల్లా దిమ్మ ఒక అర తిరిగి కొత్త తూటాని గొట్టానికి ఎదురుగా తెస్తుంది. ఆరు అయ్యాక అది ఇనపముక్కే. 1836లో శామ్యూల్ కోల్ట్ అనే ఆయన దీనికి పేటెంటు తీసుకున్నప్పుడు ఒక్కో అరలో విడిగా మందు పోసి, గుండు దంచాల్సి వచ్చేది. నాటు తుపాకీ పని ఒక్కో అరకి ఒక్కోసారి చేసినట్టు. తర్వాత మందూ గుండూ ఒకే లోహపు గొట్టంలో ఉండే తూటాలు వచ్చాయి. 1873 నాటి కోల్ట్ రివాల్వర్‌కి పక్కన చిన్న తలుపు ఉంటుంది. దాన్ని తీసి, దిమ్మ తిప్పుతూ, ఖాళీ తొడుగుల్ని ఒక్కోటి కడ్డీతో నెట్టి, కొత్తవి ఒక్కోటి పెట్టాలి. 1870లో వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ళ రివాల్వర్ ఇంకో తీరు. పైన గడి విప్పి గొట్టాన్ని కిందికి వంచితే నడుమకి తెరుచుకుంటుంది, ఖాళీ తొడుగులన్నీ ఒక్కసారే పైకి లేచి రాలిపోతాయి. ఆరు అరలూ కళ్ళకి కనపడతాయి. నింపి మూస్తే సిద్ధం. యానీ దగ్గర ఈ కంపెనీ రివాల్వర్లు ఉండేవి.

పాత రివాల్వర్లలో ఇంకో జాగ్రత్త ఉండేది. పైన సుత్తిలాంటి ముక్క ఒకటి తూటా వెనక కొడితేనే పేలుతుంది. నిండు తూటా మీద ఆ ముక్క ఆని ఉంటే, రివాల్వర్ జారి కింద పడినా పేలొచ్చు. అందుకని తెలిసినవాళ్ళు ఆరు అరల్లో అయిదే నింపి, ఖాళీ అర మీద దాన్ని ఆన్చి ఉంచేవాళ్ళు. ఒక తూటా తక్కువైనా ఫర్వాలేదు, సొంత కాలు మిగిలితే చాలు. ఏ తుపాకీ చేతికొచ్చినా నిండుగా ఉందనే అనుకోవాలి, తెరిచి కళ్ళతో చూడాలి, మూతి మనిషి వైపు తిప్పకూడదు, కొట్టాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. గ్యాసు సిలిండర్ వాసనొస్తే స్విచ్ వెయ్యకూడదని ఎట్లా ఒంటికి పట్టిందో, ఇది కూడా అట్లా పట్టాలి. ఆలోచించుకుని చేసేది కాదు.

యానీ ఇంకో మాట నొక్కి చెప్పేది. రివాల్వర్‌ని చేతిసంచి అడుగున పడేసుకుని తిరిగే ఆడదానికి అది లేనట్టే. మీదికి వచ్చినవాడు సంచి జిప్పు తీసి, దువ్వెనా రుమాలూ పక్కకి నెట్టి వెతికేదాకా ఆగడు. చీకటి దారిలో నడవాల్సి వస్తే చేతిలోనే ఉండాలని, గొడుగు మడతల మధ్య పట్టుకుంటే బయటికి కనపడదని స్వయంగా పట్టి చూపించేది. ఇక్కడే ఆమె తేడా. ఆయుధం కొనుక్కోమని చెప్పేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అది తెరవడం, నింపడం, ఖాళీ చెయ్యడం చీకట్లో కూడా వణక్కుండా చేతనయ్యేదాకా అది రక్షణ కాదని చెప్పి, దగ్గర కూర్చుని నేర్పినవాళ్ళు తక్కువ. నేర్వని చేతిలో రివాల్వర్ ఉంటే అది అవతలివాడి చేతికే పోతుంది.

మన దేశం సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రివాల్వర్ దగ్గర పెట్టుకోవడం నేరం. 2014లో కాన్పూర్ సర్కారు ఫ్యాక్టరీ ఆడవాళ్ళ కోసమని అరకిలో బరువుతో నిర్భీక్ అనే రివాల్వర్ చేసింది. అప్పట్లో దాని ధర లక్షా 22 వేల రూపాయల పైచిలుకు. పొద్దుగూకాక ఆటో దిగి నడిచేది ఎవరో, ఆ ధర పెట్టగలిగేది ఎవరో వాళ్ళు ఆలోచించారో లేదో మాకు తెలీదు. మేము ఎవర్నీ లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోమని ఇది రాయడం లేదు. మీటింగులో ఆ చెల్లెలు అన్న మాట వెనక ఉన్న భయం నిజమైంది కాబట్టి రాశాం.

యానీ అన్నిట్లోనూ మనం అనుకున్నట్టు ఉండదు. ఆడవాళ్ళకి ఓటు హక్కు కావాలనే ఉద్యమం అప్పుడు అమెరికాలో జోరుగా ఉంటే, ఆమె దాంట్లో చేరలేదు. అయినా 1898లో స్పెయిన్‌తో యుద్ధం వస్తుందనగా, సొంత తుపాకులూ తూటాలూ తెచ్చుకునే 50 మంది ఆడ గురికత్తెల్ని సిద్ధం చేస్తానని ప్రెసిడెంట్ మెకిన్లీకి ఉత్తరం రాసింది. ఒప్పుకోలేదు. 1917లో మొదటి ప్రపంచ యుద్ధానికి మళ్ళీ ఆడవాళ్ళ దళం కడతానంది. అదీ కాలేదు. ఊరుకోలేదు. సైనికుల క్యాంపులన్నీ తిరిగి గురి చూపించింది. డేవ్ అనే కుక్క కూడా వెంట ఉండేది. జనం రుమాల్లో డబ్బు కట్టి ఎక్కడో దాచేవాళ్ళు. డేవ్ వాసన పట్టి దాన్ని తెచ్చిందంటే ఆ డబ్బు రెడ్‌క్రాస్‌కి. కుక్కతో చందా వసూలు చేయించిన మనిషి ఇంకెవరైనా ఉన్నారేమో మాకైతే తెలీదు.

ఇచ్చే చెయ్యి ఆమెది. పోటీల్లో గెలిచిన బంగారు పతకాలు చాలావాటిని కరిగించి అమ్మి, క్షయరోగుల ఆసుపత్రికి ఇచ్చేసింది. ఆ జబ్బు ఆమె సొంత అక్కని కూడా తీసుకుపోయింది. దిక్కులేని ఆడపిల్లల చదువులకీ డబ్బు పెట్టింది. బీదల ఆశ్రమంలో పెరిగిన పిల్ల కదా.

1922లో, 61 ఏళ్ళ వయసులో, పైన్‌హర్స్ట్‌లో 16 గజాల దూరం నుంచి గాల్లోకి వదిలిన మట్టి బిళ్ళల్ని ఒక్కటీ తప్పకుండా వరసగా 100 కొట్టింది. అదే ఏడాది చివర్లో ఫ్లోరిడాలో కారు బోల్తాపడి తుంటి, కాలు దెబ్బతిన్నాయి. అప్పటినుంచి కాలికి ఇనప పట్టీ కట్టుకుని నడిచింది. దాంతోనే మళ్ళీ తుపాకీ పట్టి గురి కొట్టింది కూడా. తర్వాత రక్తం క్షీణించే జబ్బు చేసింది. ఫ్రాంక్‌కీ ఆరోగ్యం బాగాలేదు. 1926 నవంబరు 3న, ఒకప్పుడు పిట్టలమ్మిన గ్రీన్‌విల్ ఊళ్ళోనే యానీ చనిపోయింది. ఫ్రాంక్ ఆ తర్వాత 18 రోజులే ఉన్నాడు. ఇద్దరినీ డార్క్ జిల్లాలో, ఆమె తాకట్టు విడిపించిన పొలానికి ఎంతో దూరంలేని ఒక చిన్న శ్మశానంలో పక్కపక్కనే పెట్టారు.